గురువారం ఎప్పుడు ముగుస్తుంది?

టక్.

మొదట ఆ చప్పుడే. అప్పటికి వెలుగు లేదు, రూపు లేదు, నేనంటూ ఒకటి ఉన్నానన్న ఎరుక లేదు. రెండు ప్లాస్టిక్ చిప్పలు ఒకదాని అంచును ఒకటి కరచుకున్నప్పుడు పుట్టిన శబ్దమది. దానితో పాటే నేనూ పుట్టాను.

నేను ఒక అడాప్టరును. అరచేతిలో ఇమిడే నల్లని దిమ్మను. నాకు రెండు ముఖాలు. ఒక ముఖాన మన దేశపు మూడు కాళ్ళ ప్లగ్గు దూరడానికి మూడు రంధ్రాలు. రెండో ముఖాన ఐరోపా గోడలలోకి దూరడానికి రెండు గుండ్రని కాళ్ళు. నాలో విద్యుత్తు మారదు. అటు ఎంత వస్తే ఇటూ అంతే. నేను మార్చేది ఆకారాన్ని మాత్రమే. అందుకే మనుషులు వీసా అని పిలిచే ఆ రంగుల కాగితం గురించి విన్న ప్రతిసారీ, అది నాకు దూరపు చుట్టమేమో అనిపిస్తుంది. అదీ మనిషిని మార్చదు. పరాయి గోడలోకి దూరే ఆకారాన్ని కొన్నాళ్ళకు అరువిస్తుంది.

నా గురించి మరొక్క సంగతి ముందే తెలియాలి. ఫోను ఛార్జరుకు నాతో పనిలేదు. దాని రెండు సన్నని కాళ్ళు ఆ దేశపు గోడలో నేరుగా దూరిపోతాయి. మూడు కాళ్ళున్నది ల్యాప్‌టాప్ ఛార్జరుకే. చూడటానికి వెళ్ళినవాడి చేతిలో ఫోను చాలు. పని చేయడానికి వెళ్ళినవాడికే నేను కావాలి. కాబట్టి ఒక గదిలో గోడకు నేను కనబడితే ఆ గదిలో పని జరుగుతున్నట్టే. ఇంత చిన్న వస్తువుకు ఇంత పెద్ద సాక్ష్యం మోసే బాధ్యత ఎవరు పెట్టారో నాకు నేటికీ అర్థం కాదు.

కోఠీలో, గుజరాతీ గల్లీలోని ఒక ఇరుకు దుకాణంలో, దండగా వేలాడుతున్న ఇయర్‌ఫోన్ల కింద నన్ను కొన్నది పద్మనాభం గారు. నల్లకుంటలో ఒక అపార్టుమెంటు రెండో అంతస్తులో ఉండే విశ్రాంత ఫిజిక్సు లెక్చరరు. భార్యతో కలిసి ఐరోపా యాత్రకు వెళుతూ, మెడకు కట్టుకునే దిండుతో పాటు నన్నూ తీసుకున్నారు. వోల్టేజీ గురించి దుకాణదారుకు పాఠం చెప్పి మరీ తీసుకున్నారు. యాత్రంతా నేను పులిహోర పొడికీ మాగాయ సీసాకూ నడుమ పడి ఉన్నాను. బస్సు ఆగేది, అందరూ దిగేవారు, ఫోటోలు తీసుకునేవారు, ఎక్కేవారు. నా అవసరం ఎవరికీ రాలేదు. నేను చూడకుండానే నేను చూసిన దేశాలు అయిదు.

తిరిగి వచ్చాక పద్మనాభం గారు ఆ అపార్టుమెంటుకంతటికీ వీసా పండితులయ్యారు. "మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు" అన్నది ఆయన సిద్ధాంతం. అడగకపోవడమూ అనుమతించడమూ ఒకటేనా అన్న ప్రశ్న ఫిజిక్సులో లేదు కాబోలు, ఆయన ఎన్నడూ దాని జోలికి పోలేదు.

ఎదుటి ఫ్లాటులో వకుళ ఉండేది, అమ్మమ్మతో. వకుళ ఒక బీమా సంస్థకు ఇంటి నుంచే పనిచేస్తుంది; ఆసుపత్రి బిల్లులు సరిచూసి, చెల్లించవచ్చో లేదో తేలుస్తుంది. ఆమె అన్న భార్గవ పోర్చుగల్‌లోని లిస్బన్ ఓడరేవులో ఇంజనీరు. వదిన సుధేష్ణకు నెలలు నిండుతున్నాయి. తల్లి చిన్నప్పుడే పోతే ఆ అన్నాచెల్లెళ్ళను పెంచింది అమ్మమ్మే. ఆ ఇంట్లో ఒక పేరు ఎవరూ పలకరు. అమ్మమ్మ నోట తన కూతురి పేరు రాదు. ఆమె ముందు ఇతరుల నోటా రాదు. 'మీ అమ్మ' అంటుంది. 'అది ఉంటే' అంటుంది. ఆపైన వత్తి ఎగదోయడానికో, పాలు చూడటానికో లేచిపోతుంది.

ఆ కుటుంబంలో బారసాల నాడు బిడ్డ చెవిలో మొదట పేరు చెప్పేది మేనత్త. ఆ పేరు ఎంచుకునే హక్కూ ఆమెదే. చెవిలో పడేదాకా ఆ పేరు పైకి అనకూడదు. అన్న ఫోను చేసి, నువ్వు రాకపోతే బిడ్డకు పేరు లేదన్నాడట. వకుళ అప్పటికే ఒక పేరు అనుకుంది. ఎవరికీ చెప్పలేదు.

ఇక అక్కడి నుంచి మొదలైంది గందరగోళం.

అమీర్‌పేటలో వీసా సలహాలిచ్చే ఒకాయన, టూరిస్టు అని రాయండి మేడం, ల్యాప్‌టాప్ సంగతి ఎత్తకండి అన్నాడు. ఆఫీసులో ఒక సహోద్యోగి, జీతం మన దేశంలో పడుతుంటే పని కూడా మన దేశంలో చేసినట్టే, భయమెందుకు అన్నాడు. మరొకామె, కూర్చున్న కుర్చీ ఏ దేశంలో ఉంటే పని ఆ దేశంలోనిదే అంది. దూరం నుంచి పనిచేసుకునేవారికి ఆ దేశం వేరే వీసా ఇస్తుందని తెలిసి వకుళ ఆశపడింది. దానికి జీతం అక్కడి కనీస వేతనానికి కొన్ని రెట్లు ఉండాలని తెలిసి ఆ ఆశ ముడిచి పెట్టింది. ఇంటర్నెట్టులో ఒకచోట చేయవచ్చని, ఒకచోట చేయరాదని, మూడోచోట నిపుణుణ్ణి సంప్రదించమని ఉంది. మూడు వాక్యాలూ సమానమైన ధీమాతో ఉన్నాయి. వాటిని ఆమె పైకి చదువుతుంటే అమ్మమ్మ చింతపండులో పిక్కలు తీస్తూ విని, "ఒక్కమాట మీద నిలబడలేని వాళ్ళు నిన్ను గుమ్మంలో నిలబెడుతున్నారా?" అంది.

చివరకు వకుళ బంధువులను చూడటానికే వెళుతున్నానని రాసి, అన్న పంపిన ఆహ్వానపత్రం జతచేసి, ఉన్న సెలవులకు జీతంలేని సెలవు కలిపి దరఖాస్తు పెట్టుకుంది. వీసా వచ్చింది. స్టిక్కరు మీద దాని గడువు తేదీలు విశాలంగానే ఉన్నాయి. కాని ఉండదగిన రోజులు ముప్పై. గడువు వేరు, బస వేరు. పద్మనాభం గారికే ఇది కొత్త. వకుళ మాత్రం సరిగానే పట్టుకుంది. దిగిన రోజూ లెక్కే, బయల్దేరిన రోజూ లెక్కే. అంత జాగ్రత్తపరురాలు.

అమ్మమ్మకు వేరే చిక్కు వచ్చింది. టిక్కెట్టు దొరికిన రోజు ప్రయాణానికి మంచిది కాదు. మంచి రోజు అంతకు రెండు దినాల ముందుంది. అందుకు మనవాళ్ళ దగ్గర ఒక ఉపాయం ఉంది. ప్రస్థానం పెట్టడం. మంచి ఘడియలో మన వస్తువేదైనా ఇల్లు దాటించి పొరుగింట పెడితే, మనం బయల్దేరినట్టే లెక్క. మనిషి ఇంట్లోనే ఉంటుంది, అన్నం తింటుంది, నిద్రపోతుంది, అయినా వెళ్ళిపోయినట్టే. అమ్మమ్మ ఒక గుడ్డసంచిలో గుప్పెడు బియ్యం, వకుళ చున్నీ పెట్టి పద్మనాభం గారి ఇంట ఉంచి వచ్చింది. రెండు రోజుల తరవాత, సంచి తిరిగి ఇచ్చేటప్పుడు, ఆయన తన వంతుగా నన్ను అందులో వేశారు. "ల్యాప్‌టాప్ తీసుకెళుతున్నావు కదమ్మా, ఇది లేకపోతే అక్కడ గోడ నీతో మాట్లాడదు" అన్నారు.

వకుళ ల్యాప్‌టాప్ తీసుకెళుతోంది. అవసరం పడితే చూద్దామని. ఆ 'చూద్దాం' అనే మాటలోనే నేను సముద్రాలు దాటాను.

లిస్బన్ విమానాశ్రయంలో కళ్ళద్దాలు పెట్టుకున్న ఒక యువతి గాజుపలక వెనుక కూర్చుని ఉంది. అన్న ఉత్తరం కోసం వకుళ సంచిలో చేయి పెట్టగానే నేను జారి బల్ల మీద పడ్డాను. ఆమె నన్ను తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. ఇది దేనికి అని ఇంగ్లీషులో అడిగింది. ఫోనుకని చెబితే పోయేది. జుట్టు ఆరబెట్టుకునే యంత్రానికని చెప్పినా పోయేది.

"ల్యాప్‌టాప్‌కు" అంది వకుళ. ఆపైన, తలుపు తెరిచాక గాలి ఆగనట్టు, అంతా చెప్పేసింది. సెలవు పెట్టాను. అయినా ఆఫీసువాళ్ళు అడగవచ్చు. చేయవచ్చో చేయరాదో నాకు తెలియదు. అడిగినవాళ్ళందరూ ఒక్కొక్క మాట చెప్పారు. మీరైనా చెప్పండి.

అలా అడిగినవారు ఆ అధికారిణికి అంతకుముందు తగల్లేదేమో. పక్క గదిలోని పెద్దాయన్ను పిలిచింది. ఇద్దరూ తమ భాషలో కాసేపు మాట్లాడుకున్నారు. ఆయన భుజాలెగరేశాడు. వకుళ వెనుక వరుస పొడవవుతోంది. నేను బల్ల మీద, సాక్షి బోనులో వస్తువులా ఉన్నాను. చివరకు ఆమె నన్ను వకుళ వైపు జరిపింది.

"మీరు మీవాళ్ళను చూడటానికి వచ్చారు. ఈ వీసా దానికే. అంతకు మించి మీరడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. జవాబు లేని పని చేయకుండా ఉంటే మంచిది."

ముద్ర పడింది. వకుళ నన్ను సంచి అడుగున వేసింది. అన్నగారింట్లో, నదివైపు కిటికీ ఉన్న గదిలో, బల్ల సొరుగులోకి తోసింది. మరి తీయలేదు. ఆఫీసు నుంచి రెండుసార్లు ఫోను వచ్చింది. రెండుసార్లూ, నేను సెలవులో ఉన్నానండీ అనడం సొరుగులోకి వినిపించింది. ఐరోపా గోడ కోసమే రెండు కాళ్ళు మొలిచినదాన్ని నేను. రెండోసారి ఐరోపాకు వచ్చి, రెండోసారీ గోడను చూడక పడి ఉన్నాను. పుణ్యమో శిక్షో తెలియదు.

బిడ్డకు మన లెక్కలతో పనిలేదు. డాక్టరు చెప్పిన వారం గడిచిపోయింది. వకుళ టిక్కెట్టు ఒకసారి వెనక్కు జరిగింది. ఆఖరికి ఒక సోమవారం మధ్యాహ్నం ఆడపిల్ల పుట్టింది. పురుడు వెళ్ళే పదకొండో రోజు బారసాల అంటే పై వారం గురువారం. వకుళ ముప్పై రోజులకు చివరి రోజూ ఆ గురువారమే. ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది.

అమ్మమ్మ హైదరాబాదులో పంచాంగం ముందేసుకుని కూర్చుంది. గురువారం పగలూ ముందురాత్రీ దోషముందట. మంచి ఘడియ చివరి జామున దొరికింది, తెల్లవారుజామున నాలుగున్నరకు. అప్పటికి ఇక్కడ మనకు పొద్దెక్కిపోయి ఉంటుంది కదా, ఏ సూర్యుణ్ణి లెక్కలోకి తీసుకోవాలి అని పద్మనాభం గారు భౌతికశాస్త్ర సందేహం వెలిబుచ్చారట. "బిడ్డ పుట్టిన చోటి సూర్యుడే బిడ్డకు సూర్యుడు మాస్టారూ" అని అమ్మమ్మ తేల్చింది. చలికాలం, ఆ ఊళ్ళో సూర్యుడు ఎనిమిది కావస్తే గాని లేవడు. ఆయన లేచేదాకా అది గురువారమే. నాలుగున్నరకు పేరు పెట్టడం, అటునుంచి అటే విమానాశ్రయం, ఏడింటికి విమానం. అన్న టిక్కెట్టు మార్చాడు. వంటింట్లో క్యాలెండరు మీద సుధేష్ణ గురువారం గడిలో ఒకే గీత గీసి 'బారసాల, వకుళ ప్రయాణం' అని రాసింది. పసిపిల్ల ఉన్న ఇల్లు. రాత్రికీ పగటికీ తేడా అప్పటికే చెరిగిపోయింది. ఎవరికీ అనుమానం రాలేదు.

మంగళవారం విమానసంస్థ నుంచి సందేశం వచ్చింది. వకుళ అది రెండుసార్లు చదివింది. ఆపైన పాస్‌పోర్టు తెచ్చి నా సొరుగున్న బల్ల మీదే తెరిచి పెట్టింది.

"అన్నయ్యా, టిక్కెట్టు మీద శుక్రవారం అని ఉంది."

"తెల్లవారుజాము కదా, శుక్రవారమే."

"వీసా గురువారంతో సరి."

మన గురువారం సూర్యుడు లేచేదాకా నడుస్తుంది. వాళ్ళ గురువారం అర్ధరాత్రి ఆగిపోతుంది. ముహూర్తం ఆ రెంటి నడుమ పడింది. ఒక లెక్కన వకుళ ఆ గదిలో ఉండవచ్చు. ఇంకో లెక్కన అప్పటికామె అక్రమంగా ఉన్నట్టు.

కొన్ని గంటలే కదా, ఎవరు చూస్తారు అన్నాడు భార్గవ, తనకే నమ్మకం లేనట్టు. ఆహ్వానపత్రం మీద పూచీ సంతకం అతనిదే. అతని నివాస అనుమతి పునరుద్ధరణ అధికారుల బల్ల మీదే ఉంది. వకుళ తల అడ్డంగా ఊపింది. ఆ కళ్ళద్దాల అమ్మాయికి నేను అబద్ధం చెప్పలేదు, ఇప్పుడెందుకు చెప్పాలి అంది. గడువు పొడిగించమని అడగవచ్చునట. కారణం బలమైనదై ఉండాలట. మేనత్త కావడం బలమైన కారణమో కాదో ఎక్కడా రాసి లేదు.

ముహూర్తం ముందుకు జరపమని అమ్మమ్మను బతిమాలారు. "దోషమున్న వేళ పిలిస్తే ఆ పేరుకు దోషం. ఈ ఇంట్లో ఒకసారి చూశాం, చాలు" అంది. కాసేపటికి మళ్ళీ ఆమే, "వాళ్ళ రోజు చీకట్లో చస్తుందా? సూర్యుడితో పనే లేదా వాళ్ళకు?" అని ఫోనులో గొణిగింది.

అదే ఫోనులో దారి చూపింది పద్మనాభం గారు. జీవితంలో మొదటిసారి ఆయన నిబంధనలు చదివి మాట్లాడారు. విమానాశ్రయంలో అర్ధరాత్రి లోపు బయటికి పోయే ముద్ర వేయించుకుంటే చాలునట. ఆపైన తెల్లవార్లూ లోపలి హాలులో కుర్చీలో కూర్చోవచ్చు. ముద్ర పడ్డాక వెళ్ళిపోయినట్టే లెక్క.

"మనిషి అక్కడే కూర్చుని ఉన్నా?" అని అడిగింది అమ్మమ్మ.

"అక్కడే కూర్చుని ఉన్నా సరే, అమ్మగారూ."

"అంటే ప్రస్థానమే కదయ్యా" అంది ఆమె. గొంతులో మొదటిసారి ఆ దేశం మీద కాస్త గౌరవం. "మరి వాళ్ళకు ఆ శాస్త్రం తెలిసినప్పుడు చిక్కేముంది? పిల్లా, నువ్వుండవలసిన చోట నీ వస్తువొకటి పెట్టి పో. ఉన్నట్టే."

గురువారం సాయంత్రం వకుళ పెట్టె సర్దుకుంది. తన వస్తువని వదలడానికి ఏదీ మిగల్లేదు. చున్నీ పెడితే బాలింత గుడ్డల్లో కలిసిపోతుంది. దువ్వెన పెట్టడం బాగుండదు. వదిన నవ్వుతూ, నీ ల్యాప్‌టాప్ పెట్టేసి పో, నీ బదులు మేం చూస్తాం అంది. అప్పుడు వకుళ సొరుగు తెరిచింది.

నన్ను చూసి, మరిచిపోయిన చుట్టాన్ని బస్టాండులో చూసినట్టు, ఒక్క క్షణం తడబడింది. తరవాత ఉయ్యాల పక్కన, గోడకున్న గుండ్రని గుంటలో నన్ను పెట్టి అరచేతితో నొక్కింది.

టక్.

పుట్టినప్పటి చప్పుడే. నా కాళ్ళకు పరాయి దేశపు విద్యుత్తు తగిలింది. నా మూడు రంధ్రాలూ ఖాళీ. ఏ యంత్రమూ లేదు, ఏ పనీ లేదు. నేను ఉన్నాను, అంతే. గోడకు నేను కనబడితే పని జరుగుతున్నట్టే అని చెప్పానే, ఆ మాట అబద్ధమయింది. నేను పని చేయడానికి వచ్చానా, చూడటానికి వచ్చానా? ఇప్పుడు ఎవరైనా అడిగితే, మేనత్తగా వచ్చానని చెప్పాలి. ఆ గడి ఏ దరఖాస్తులోనూ ఉండి ఉండదు. వదిన పసుపుదారం ముక్క ఒకటి తెచ్చి నా మెడకు చుట్టింది. వకుళ వంగి పాప నుదుట ముక్కు ఆనించి, ఏదో అనబోయి, పెదవి కరచుకుని వెళ్ళిపోయింది.

అర్ధరాత్రికి ముందే ఫోను మోగింది. ముద్ర పడిందట. ఇక ఆమె ఆ దేశంలో లేదు. అదే ఊళ్ళో, కొన్ని వీధుల అవతల, ఇనుపకుర్చీలో ఉంది.

నాలుగున్నరకు దీపం వెలిగించారు. పళ్ళెంలో బియ్యం పోశారు. భార్గవ ఫోనులో వకుళ. వెనుక ఏదో విమానం గురించి ప్రకటన, చక్రాల పెట్టెల గరగర. సుధేష్ణ ఫోనులో అమ్మమ్మ; వెనుక నల్లకుంట ఎండ, కూరగాయల బండివాడి కేక. పాప ఉయ్యాలలో కళ్ళు తెరిచి నావైపే చూస్తోంది. లేదా నా పక్కనున్న దీపం వైపేమో.

భార్గవ తన ఫోను పాప చెవికి ఆనించాడు. అవతల వకుళ, కొత్తవాళ్ళ నడుమ గొంతు తగ్గించుకుని, మూడుసార్లు చెప్పింది. ఎంత గుసగుసగా చెప్పిందంటే మూరెడు దూరంలో ఉన్న నాకే వినబడలేదు. పాప పిడికిలి విప్పి మూసింది.

"అమ్మమ్మా, చెప్పాను" అంది వకుళ గొంతు సవరించుకుని. "ఇక ఇంటి పెద్దవు నువ్వు పిలవాలి."

"ఏం పేరే?"

"అమ్మ పేరు."

భార్గవ చేయి కదలలేదు. సుధేష్ణ పళ్ళెంలో బియ్యం సర్దడం ఆపింది. విమానాశ్రయంలో ప్రకటన మొదలై, ముగిసింది. నల్లకుంటలో బండివాడు వీధి మలుపు తిరిగినట్టున్నాడు, కేక సన్నబడింది. అమ్మమ్మ ఇప్పుడు లేస్తుంది, వత్తి ఎగదోయడానికో పాలు చూడటానికో లేస్తుంది అనుకున్నాను. లేచిన అలికిడి కాలేదు. ఊపిరి మాత్రం వినిపించింది, మెట్లెక్కుతున్న మనిషి ఊపిరిలా.

కిటికీ అవతల ఇంకా చీకటే. ఇంకా గురువారమే.

"హైమవతీ" అని పిలిచింది అమ్మమ్మ.